అన్న విగ్రహం కూడలిలో, చెల్లెలి సింఫనీ అలమరలో

ఫ్రెంచి విప్లవం పాఠంలో బాస్టీల్ జైలు గురించి చదువుకున్నాం కదా. పారిస్‌లో ఆ చోట ఇప్పుడు జైలు లేదు. పెద్ద కూడలి, మధ్యలో ఎత్తైన స్తంభం, స్తంభం కొసన ఒంటికాలి మీద నిలబడి రెక్కలు విప్పిన బంగారు పూత విగ్రహం ఉంటాయి. విగ్రహం ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో తెగిన సంకెళ్లు. దాన్ని రూపొందించిన శిల్పి పేరు ఓగుస్త్ ద్యుమోన్. 1840లో ఆ స్తంభాన్ని ఆవిష్కరించారు. అప్పటి నుంచీ ఆ దారిన పోయే ఎవరైనా తలెత్తితే చాలు, ఆయన పని కనిపిస్తుంది.

ఈ శిల్పికి మూడేళ్లు చిన్నదైన చెల్లెలు ఉండేది. పేరు లూయిజ్. పియానో వాయించేది, పియానో నేర్పేది, సంగీతం రాసేది. మూడు సింఫనీలు రాసింది. మూడింటినీ ఆమె బతికుండగానే ఆర్కెస్ట్రాలు వాయించాయి. కానీ ఆమె బతికుండగా ఒక్కటి కూడా అచ్చు కాలేదు. దాంతో ఆమె పోయాక నూరేళ్లకు పైగా ఆ సింఫనీలు లోకానికి దాదాపు లేనట్టే లెక్క.

ఆమే లూయిజ్ ఫారెంక్ (1804–1875). నాకు పాశ్చాత్య సంగీతంలో చదువేమీ లేదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని నేర్చుకున్నదే. అయినా ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానంటే, ఈమె కథలో సంగీతంతో పాటు ఇంకో ప్రశ్న కూడా ఉంది. బాగా చేసిన పని దానంతటదే నిలుస్తుందని మనందరికీ ఒక నమ్మకం. నిజంగా నిలుస్తుందా?

ఒకే ఇల్లు, రెండు దారులు

లూయిజ్ పుట్టింది 1804 మే 31న, పారిస్‌లో. ద్యుమోన్‌లది తరతరాలుగా శిల్పుల కుటుంబం. తండ్రి జాక్-ఎద్మ్ కూడా శిల్పే. అన్న ఉలి పట్టుకుంటే చెల్లెలు పియానో పట్టుకుంది. మొదట సెసీల్ సోరియా అనే ఆవిడ దగ్గర నేర్చుకుంది. ఆ తర్వాత మోషెలెస్, హుమ్మెల్ లాంటి పేరున్న పియానిస్టుల దగ్గర పాఠాలు చెప్పించుకుంది. ఈ హుమ్మెల్ చిన్నప్పుడు మోజార్ట్ శిష్యుడు.

పదిహేనో ఏట సంగీత రచన నేర్చుకోవడానికి ఆంటన్ రైషా దగ్గర చేరింది. రైషా మామూలు మాస్టారు కాదు. లిస్ట్, బెర్లియోజ్, గూనో, సెజార్ ఫ్రాంక్, వీళ్లంతా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఆయన పారిస్ కన్సర్వేటరీలో ప్రొఫెసరు. కన్సర్వేటరీ అంటే సంగీతానికి సర్కారు నడిపే కాలేజీ అనుకోండి. అందులో పియానో క్లాసుకు ఆడపిల్లలు వెళ్లొచ్చు, వాళ్లకు వేరే సెక్షన్ ఉండేది. సంగీత రచన క్లాసు మాత్రం మగపిల్లలకే. వాయించడం ఆడవాళ్లకు తగిన విద్య, రాయడం కాదు, ఇదీ అప్పటి లెక్క.

తేడా అక్కడితో ఆగలేదు. ఫ్రాన్స్‌లో ‘ప్రీ ద రోమ్’ అనే పోటీ ఉండేది. చిత్రకారులకు, శిల్పులకు, సంగీతకారులకు విడివిడిగా జరిగేది. గెలిచినవాళ్లను ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని రోమ్ పంపి, కొన్నేళ్లు అక్కడ ఉంచి, పని చేసుకోమనేది. తిరిగొచ్చాక పెద్ద పెద్ద పనులు వాళ్లకే దక్కేవి. అన్న ఓగుస్త్ 1823లో శిల్పంలో ఆ బహుమతి గెలిచాడు. చెల్లెలికి సంగీతంలో ఆ పోటీకి కూర్చునే హక్కే లేదు. ఆడవాళ్లకు ఆ తలుపు తెరుచుకున్నది 1903లో. సంగీత రచనలో దాన్ని గెలిచిన మొదటి మహిళ లిలీ బూలాంజే, 1913లో. అప్పటికి లూయిజ్ పోయి 38 ఏళ్లు.

భర్త, అచ్చుయంత్రం

1821లో, పదిహేడేళ్ల వయసులో లూయిజ్ పెళ్లి చేసుకుంది. భర్త ఆరిస్టీడ్ ఫారెంక్ ఆమె కంటే పదేళ్లు పెద్ద, ఫ్లూట్ వాయించేవాడు. ఇద్దరూ కలిసి కొన్నాళ్లు ఊళ్లు తిరిగి కచేరీలు చేశారు. తర్వాత అతను పారిస్‌లోనే సంగీతం అచ్చువేసే వ్యాపారం పెట్టాడు. లూయిజ్ మళ్లీ రైషా దగ్గరికి వెళ్లి ఆగిపోయిన చదువు కొనసాగించింది.

ఈ అచ్చు సంగతి గుర్తుపెట్టుకోండి, కథకు ఇదే కీలకం. లూయిజ్ రాసిన పియానో రచనలు భర్త వల్ల తేలిగ్గానే అచ్చయ్యాయి. అచ్చయినవి దేశాలు దాటాయి. ఒక రష్యన్ పాటను తీసుకుని ఆమె రాసిన పియానో వేరియేషన్స్ జర్మనీ చేరి రాబర్ట్ షూమన్ చేతిలో పడ్డాయి. షూమన్ సంగీతం రాస్తూనే ఒక సంగీత పత్రిక కూడా నడిపేవాడు. 1836లో అందులో ఆ వేరియేషన్స్ పనితనాన్ని, వాటి వెనకున్న చదువును మెచ్చుకుంటూ రాశాడు. రాసింది ఒక మహిళ అని తెలిసిన సంగతి కూడా ఆ సమీక్షలోనే చెప్పుకొచ్చాడు. ముందు పని చూశాడు, తర్వాత మనిషి ఎవరో తెలిసింది. చాలామంది విషయంలో లోకం దీన్ని తిరగేసి చేస్తుంది.

ఆ రోజుల్లోనే ఆమె ముప్పై ఎత్యూద్‌లు రాసింది. ఎత్యూద్ అంటే సాధన కోసం రాసిన రచన. మనకు సరళీ వరసలు, అలంకారాలు ఉన్నట్టు పియానోకు ఇవి. పాశ్చాత్య సంగీతంలో పన్నెండు స్వరస్థానాలు, ఒక్కోదాని మీద మేజర్, మైనర్ అని రెండు రకాలు, మొత్తం 24 ‘కీ’లు ఉంటాయి. ఈ ముప్పైలో ఆ 24 కీలూ వచ్చేస్తాయి. 1845లో కన్సర్వేటరీ వీటిని పియానో క్లాసులకు పాఠంగా తీసుకుంది. మన భాషలో చెప్పాలంటే సిలబస్‌లో పెట్టేశారు.

ఒపేరాల ఊళ్లో సింఫనీ

అప్పటి పారిస్‌లో సంగీతం రాసి పేరూ డబ్బూ సంపాదించాలంటే ఒక్కటే రాజమార్గం, ఒపేరా. జనం టికెట్ కొని చూసేది దాన్నే, పత్రికలు రాసేది దాని గురించే. పియానో విషయానికొస్తే, వేళ్ల వేగం చూపించి చప్పట్లు కొట్టించుకునే రచనలకు గిరాకీ. లూయిజ్ ఒక్క ఒపేరా కూడా రాయలేదు. ఆమె ఎంచుకున్నవి సింఫనీలు, ఛాంబర్ సంగీతం. పారిస్‌లో అప్పటికి వీటిని జర్మన్ల వ్యవహారంగానే చూసేవారు.

వీటి గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సింఫనీ అంటే పూర్తి ఆర్కెస్ట్రా వాయించే పెద్ద రచన. మామూలుగా నాలుగు భాగాలు, అరగంటో ఇంకా ఎక్కువో ఉంటుంది. పాట ఉండదు, కథ ఉండదు. ఒకటి రెండు చిన్న స్వర వరసలు తీసుకుని వాటిని విడగొట్టి, తిప్పి, ఒక వాయిద్యం నుంచి ఇంకోదానికి అందిస్తూ కట్టుకుంటూ పోవాలి. ఛాంబర్ సంగీతం అంటే ముగ్గురో, ఐదుగురో, తొమ్మిదిమందో ఒక గదిలో కూర్చుని వాయించేది. ఒక్కొక్కరికి ఒక్కో లైను. తప్పు చేస్తే దాక్కోవడానికి పక్కన ఇంకొకరు ఉండరు.

లూయిజ్ సింఫనీలు 1841, 1845, 1847ల్లో వచ్చాయి. మొదటిదాన్ని 1845లో బ్రస్సెల్స్‌లో తొలిసారి వాయించారు. మూడోదాన్ని 1849లో పారిస్ కన్సర్వేటరీ కచేరీల సంఘం వాయించింది. ఆ కాలంలో యూరప్ మొత్తం మీద గొప్ప పేరున్న ఆర్కెస్ట్రాల్లో అదొకటి. అదే రోజు కార్యక్రమంలో ఇంకో సింఫనీ కూడా ఉంది, బెథోవెన్ ఐదోది. మీ అందరికీ తెలిసిన ఆ ‘ఢ ఢ ఢ ఢాం’ సింఫనీయే. ఆ ధాటి పక్కన ఎవరి కొత్త రచన పెట్టినా చిన్నబోతుంది. అయినా ఆ పక్కన చోటు దొరకడమే అప్పటికి ఆమెకున్న గౌరవం ఎంతో చెబుతుంది.

జీతం సంగతి

1842లో కన్సర్వేటరీ డైరెక్టరుగా వచ్చిన ఓబేర్ ఆమెను పియానో ప్రొఫెసరుగా వేసుకున్నాడు. 1873 మొదట్లో రిటైరయ్యే దాకా, అంటే ముప్పై ఏళ్లు, ఆమె అక్కడే నేర్పింది. ఆ కాలేజీలో ప్రొఫెసరైన తొలి మహిళ ఈమె కాదు. 1795లో అది మొదలైనప్పుడే ఎలెన్ ద మోంజెరూ అనే పియానిస్టును ప్రొఫెసరుగా తీసుకున్నారు, ఆమె మూడేళ్లకే వదిలేసింది. ముప్పై ఏళ్లు నిలిచి పనిచేసింది మాత్రం లూయిజ్. ఆమెకు ఇచ్చింది ఆడపిల్లల సెక్షనే. జీతం కూడా అదే హోదాలో ఉన్న మగ ప్రొఫెసర్ల కంటే తక్కువ.

ఆమె క్లాసు బలహీనమేమీ కాదు. ఆమె శిష్యులకు కాలేజీ పోటీల్లో బహుమతులు వస్తూనే ఉన్నాయి. సొంత కూతురు విక్తొరీన్ కూడా ఆమె దగ్గరే చదివి 1844లో పియానోలో మొదటి బహుమతి తెచ్చుకుంది. అయినా ఎనిమిదేళ్లు జీతం తేడా అలాగే సాగింది.

1850లో లూయిజ్ రాసిన ‘నోనెట్’ తొలి కచేరీ జరిగింది. నోనెట్ అంటే తొమ్మిది వాయిద్యాల రచన. ఇందులో ఫ్లూట్, ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్, వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్ ఉంటాయి. ఆ రోజు వయొలిన్ వాయించింది యోజెఫ్ యోవాకిమ్. అప్పటికి అతనికి ఇరవై కూడా నిండలేదు. తర్వాత బ్రాహ్మ్స్ వయొలిన్ కాన్చెర్టోను మొదటిసారి వాయించినవాడు ఇతనే. కచేరీకి మంచి పేరొచ్చింది.

ఆ ఏడాదే ఆమె డైరెక్టరుకు అర్జీ పెట్టుకుంది, మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతం ఇవ్వండని. ఓబేర్ ఒప్పుకున్నాడు. జీతం సమానమైంది.

ఈ ఘట్టాన్ని ఇప్పుడు చాలామంది ‘విజయగాథ’ అని రాస్తున్నారు. రాయొచ్చు, తప్పులేదు. కానీ నాకు ఇందులో ఆ ఎనిమిదేళ్లే ఎక్కువ కనిపిస్తాయి. పాఠం బాగా చెబుతోందని వాళ్లకు తెలుసు, ఆమె పుస్తకం సిలబస్‌లో ఉంది, ఆమె సింఫనీని ఊళ్లోకెల్లా పెద్ద ఆర్కెస్ట్రా వాయించింది. ఇన్ని ఉన్నా ఎవరూ వాళ్లంతట వాళ్లు లెక్క సరిచేయలేదు. ఆమె అడిగాకే సరిచేశారు. తక్కిన టీచర్లకు అడగడానికి అలాంటి కచేరీ ఒకటి వెనక ఉండదు కదా.

కూతురు పోయాక

1859 జనవరిలో విక్తొరీన్ జబ్బుతో చనిపోయింది. ముప్పై రెండేళ్లు. ఆ తర్వాత లూయిజ్ కొత్తగా సంగీతం రాయడం దాదాపు మానేసింది. ఆమె ఛాంబర్ సంగీతానికి ఫ్రెంచి లలిత కళల అకాడమీ వాళ్ల షార్తియే బహుమతి రెండుసార్లు వచ్చింది, 1861లో, 1869లో. రెండూ కలం పక్కన పెట్టేశాక వచ్చినవే.

రాయడం మానేసింది కానీ పని మానలేదు. ఆరిస్టీడ్‌తో కలిసి ఇంకో పెద్ద పని తలకెత్తుకుంది. పియానో రాకముందు హార్ప్సికార్డ్ అనే వాయిద్యం ఉండేది. కూప్రాఁ, రమో, స్కార్లాటి లాంటివాళ్లు దాని కోసం వందల రచనలు చేశారు. 19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి వాటిలో చాలా భాగం మరుగున పడిపోయింది. పాత ప్రతులు దొరకవు, దొరికినా వాయించడం తెలియదు. ఎందుకంటే ఆ సంగీతంలో స్వరాల మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. ఈ గుర్తు కనిపిస్తే స్వరాన్ని ఊపాలి, ఆ గుర్తు కనిపిస్తే పక్క స్వరం తాకి రావాలి అని అర్థం. గమకాలు ఎలా పలకాలో ఎప్పుడూ వినని మనిషికి స్వరం రాసిన కాగితం ఒక్కటే ఇస్తే ఎంత పాడగలడో ఊహించుకోండి. ఈ గుర్తులు తెలియకపోతే ఆ సంగీతమూ అంతే.

ఆ ప్రతులు వెతికి, పోల్చి చూసి, గుర్తులకు అర్థాలు రాసి, దంపతులిద్దరూ 1861 నుంచి ‘ల త్రెజోర్ దె పియానిస్త్’ పేరుతో అచ్చువేయడం మొదలుపెట్టారు. పియానిస్టుల ఖజానా అని అర్థం. 1865లో ఆరిస్టీడ్ చనిపోయాడు. అరవై దాటిన లూయిజ్ ఒంటరిగా పని కొనసాగించింది. పగలు కాలేజీ, మిగతా వేళల్లో ఈ ప్రతులు. ఆ సంగీతం చెవిన పడాలని తన శిష్యులతో కచేరీలు కూడా చేయించింది. 1874లో పని పూర్తయింది, మొత్తం 23 సంపుటాలు. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న ఆమె కన్నుమూసింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. అచ్చు లేకపోతే సంగీతం ఎలా చచ్చిపోతుందో ఆ రోజుల్లో ఆమెకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. ఎవరెవరి రచనలో వెతికి అచ్చువేసింది. ఆమె సొంత సింఫనీలు మాత్రం చేతిరాతలోనే మిగిలిపోయాయి.

చేతిరాత ఎందుకు చాలదు

పుస్తకమైతే చేతిరాత ప్రతి ఒక్కటున్నా కూర్చుని చదువుకోవచ్చు. సింఫనీ అలా కాదు. అందరి లైన్లూ ఒకచోట ఉండే పెద్ద ప్రతిని స్కోరు అంటారు, అది కండక్టర్ ముందు ఉంటుంది. వాయించేవాళ్లకు ఎవరి లైను వాళ్లకు విడిగా రాసివ్వాలి, దాన్ని పార్టు అంటారు. వయొలిన్లు చాలామంది ఉంటారు కాబట్టి ఒకే పార్టుకు చాలా కాపీలు కావాలి. ఒక్క పార్టులో ఒక్క కొలత తప్పిపోయినా రిహార్సల్ మొత్తం ఆగిపోతుంది. అచ్చు పార్టులు లేని సింఫనీని వేరే ఊరి ఆర్కెస్ట్రా వాయించాలంటే ముందు ఎవరో ఒకరు నెలల తరబడి కూర్చుని ఎక్కించాలి. ఆ శ్రమ, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? షెల్ఫులో బెథోవెన్ పార్టులు సిద్ధంగా ఉంటే చేయి వాటి మీదికే పోతుంది.

వాయించకపోతే వినేవాళ్లు ఉండరు. వినేవాళ్లు లేకపోతే చరిత్ర పుస్తకంలో పేరు ఒక లైనుకు తగ్గుతుంది, తర్వాత ముద్రణలో ఆ లైనూ పోతుంది. ఇందులో ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. ఎవరూ ఏమీ చేయకుండా ఉంటే సరిపోతుంది. మన పాత కోడ్ కూడా అంతే కదా. రాసినవాడి లాప్‌టాప్‌లో పనిచేస్తూనే ఉంటుంది, ఇంకెవరికీ దొరకదు, వాడు పాసై వెళ్లిపోతాడు.

లూయిజ్ విషయంలో ఆ శ్రమ మొదలైంది ఆమె పోయిన వందేళ్లకు. అమెరికా పరిశోధకురాలు బీయా ఫ్రీడ్‌లాండ్ 1980లో ఆమె మీద పూర్తి పుస్తకం తెచ్చింది. ఆ తర్వాత జర్మనీలో ఫ్రైయా హోఫ్‌మన్, క్రిస్టిన్ హైట్‌మన్ అనే పరిశోధకులు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న చేతిరాత ప్రతులు దగ్గర పెట్టుకుని, లైను లైను పోల్చి, స్కోర్లు అచ్చుకు సిద్ధం చేశారు. లూయిజ్ కూప్రాఁకు, రమోకు ఏం చేసిందో, వీళ్లు లూయిజ్‌కు అదే చేశారు. అచ్చు ప్రతులు వచ్చాక రికార్డింగులు వచ్చాయి. ఈ మధ్య ఫ్రెంచి కండక్టర్ లోరాన్స్ ఎకిల్బే తన ఇన్సులా ఆర్కెస్ట్రాతో ఆమె సింఫనీలు రికార్డు చేసింది. అమెరికాలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కూడా వాయించింది.

ఎక్కడ మొదలుపెట్టాలి

యూట్యూబ్‌లో ఈమె పేరు కొడితే ఇప్పుడు అన్నీ దొరుకుతాయి. కొత్తగా వినేవాళ్లకు నా సలహా, ముందు నోనెట్ వినండి. అందులోనూ రెండో భాగం. ఒక చిన్న మెత్తటి వరస మొదట వినిపించి, తర్వాత దాన్నే రకరకాలుగా మార్చి వాయిస్తారు. వంతులవారీగా ఒక్కో వాయిద్యం ముందుకొచ్చి తన మాట చెప్పి వెనక్కి తగ్గుతుంది. తొమ్మిది వాయిద్యాల గొంతులు విడివిడిగా గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

తర్వాత పియానో క్వింటెట్లు రెండు. వీటిలో పియానోతో పాటు డబుల్ బాస్ ఉంటుంది. షూబర్ట్ ‘ట్రౌట్’ క్వింటెట్ విన్నవాళ్లకు ఆ కూర్పు వెంటనే తెలిసిపోతుంది. రాత్రి పూట అసైన్‌మెంట్ రాసుకుంటూ వినడానికి హాయిగా ఉంటాయి.

చివరగా మూడో సింఫనీ. దీన్ని మాత్రం అసైన్‌మెంట్ పక్కన పెట్టి వినండి. ఆర్కెస్ట్రా అంతా అక్కడే ఉన్నా మొదట ఒక్క ఓబో మాత్రమే పలుకుతుంది, సన్నగా, ఎవరైనా వింటున్నారా అన్నట్టు. ఆ తర్వాతే మిగతావాళ్లు అందుకుంటారు. మొత్తం అరగంట పైచిలుకు. అయిపోయాక, అదే రోజు పారిస్‌లో విన్నట్టు, వెంటనే బెథోవెన్ ఐదోది పెట్టుకోండి. ఆమె సింఫనీ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తగ్గుతుందో మీరే చెప్పండి. నూట యాభై ఏళ్లు వాయిదా పడిన తీర్పు అది, వినకుండా ఇవ్వగలిగింది కాదు.